షాతోనెఫ్-ద్యు-పాప్ కొనాలా, జిగోండాస్‌తో సరిపెట్టుకోవాలా: దక్షిణ రోన్ ఎర్ర వైన్ల ఎంపిక

ఆగ్నేయ ఫ్రాన్స్‌లో రోన్ నది మధ్యధరా సముద్రం వైపు సాగుతూ ఒరాంజ్, ఆవిన్యోన్ పట్టణాలను దాటే చోట, నదికి ఇరువైపులా ఉన్న ద్రాక్షతోటల నుంచి వచ్చే ఎర్ర వైన్లన్నీ దాదాపు ఒకే కుటుంబానికి చెందినవి. అన్నింటిలోనూ గ్రెనాష్ అనే ద్రాక్షదే పెద్ద వాటా కాగా, సిరా, మూర్వెద్ర్ దానికి తోడుగా ఉంటాయి. అన్నీ చిక్కగా, నోరు నిండేలా, ఆల్కహాలు కాస్త ఎక్కువగానే ఉంటాయి. అయినా దుకాణంలో ఒకే అరలో పక్కపక్కన ఉన్న సీసాల ధరలు చూస్తే, ప్రాంతమంతటికీ వర్తించే పేరుతో అమ్మే మామూలు కోత్ ద్యు రోన్ కంటే షాతోనెఫ్-ద్యు-పాప్ మూడు నాలుగు రెట్లు పలుకుతుంది, వాటి మధ్యలో ఎక్కడో జిగోండాస్, వాకెరాస్ ఊళ్ల వైన్లు నిలుస్తాయి. ఆ తేడా దేనికి చెల్లిస్తున్నామో, ఎప్పుడు చెల్లించడం సబబో తేల్చుకోవడమే ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తయారీదారు ఎవరో తెలియకుండా కేవలం ఊరి పేరు చూసి కొనేవారికి ఈ ప్రాంతంలో షాతోనెఫ్ అన్నింటికంటే ఎక్కువ నష్టభయం ఉన్న ఎంపిక. ఎవరి తోట, ఏ నేల, ఏ సంవత్సరం అన్నది తెలిసి, కొన్నేళ్లు దాచగలిగినవారికి మాత్రం దానికి సాటి వచ్చేది ఈ చుట్టుపక్కల లేదు. ఆ రెండో వర్గానికి చెందని వారికి, అంటే మనలో ఎక్కువమందికి, జిగోండాస్ మేలైన బేరం.

గ్రెనాష్ స్వభావం

ఈ వైన్ల మధ్య తేడాలు అర్థం కావాలంటే గ్రెనాష్ గురించి కొంత తెలుసుకోవాలి. ఇది ఆలస్యంగా పండే ద్రాక్ష. ఎండను, నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది, గాలికి విరగని గట్టి కాండం దీనిది. ఈ లోయలో ఉత్తరం నుంచి మిస్త్రాల్ అనే పొడి గాలి రోజుల తరబడి హోరున వీస్తుంది కాబట్టి, ఆసరా లేకుండా పొదలా పొట్టిగా పెంచే గ్రెనాష్ తీగకు ఈ చోటు సరిగ్గా సరిపోయింది. వాన పడ్డాక గుత్తులను త్వరగా ఆరబెట్టి కుళ్లు పట్టకుండా కాపాడేది కూడా ఆ గాలే. అయితే గ్రెనాష్ తొక్క పలుచన, రంగు తక్కువ, పులుపూ తక్కువ, చక్కెర మాత్రం దండిగా చేరుతుంది. తొక్కలోని వగరు పూర్తిగా పండేదాకా ఆగితే, ఆలోపు వైన్‌లో ఆల్కహాలు 15 శాతం దాటిపోయే స్థితికి చక్కెర చేరుకుంటుంది. పైగా ఈ ద్రాక్ష వైన్ గాలి తగిలితే త్వరగా పాడవుతుంది.

ఒక్కో లోటు తీర్చడానికి ఒక్కో తోడు ద్రాక్ష అవసరమైంది. సిరా ముదురు రంగును, మిరియాల ఘాటును ఇస్తుంది. మూర్వెద్ర్ గట్టి వగరును, మాంసపు వాసనను తలపించే గంభీరతను ఇచ్చి, వైన్ ఎక్కువ కాలం నిలిచేలా చేస్తుంది. సాన్సో తేలికదనాన్ని, పూల వాసనను తెస్తుంది. గ్రెనాష్ వైన్‌కు గాలి పడదు కాబట్టే ఈ ప్రాంతంలో సంప్రదాయ తయారీదారులు కొత్త చిన్న ఓక్ పీపాల జోలికి పోకుండా, కాంక్రీటు తొట్టెల్లోనో, ఓక్ వాసన ఎప్పుడో ఆరిపోయిన పెద్ద పాత పీపాల్లోనో వైన్‌ను నిలవ ఉంచుతారు. సీసా తెరిచినప్పుడు వనిల్లా, కాల్చిన చెక్క వాసన గుప్పుమంటే, అది ఆ ఇంటివారు ఎంచుకున్న పద్ధతి వల్ల వచ్చిందే తప్ప ప్రాంతం ఇచ్చిన గుణం కాదని గ్రహించాలి.

షాతోనెఫ్-ద్యు-పాప్: పేరు ఒకటి, వైన్లు అనేకం

షాతోనెఫ్-ద్యు-పాప్ అంటే పోప్ కొత్త కోట. 1309లో పోప్ అయిదవ క్లెమెంట్ ఆవిన్యోన్‌కు చేరుకోవడంతో పోపుల పీఠం దాదాపు ఏడు దశాబ్దాల పాటు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయింది. ఆయన తర్వాతి పోప్ ఇరవై రెండవ జాన్ ఈ ఊరి గుట్ట మీద వేసవి విడిదిగా ఒక కోట కట్టించాడు. కాలక్రమంలో శిథిలమైన ఆ కోటలో మిగిలిన బురుజును 1944 ఆగస్టులో వెనుదిరుగుతున్న జర్మన్ సైన్యం పేల్చివేయగా, ఇప్పుడు ఒక పక్క గోడలు మాత్రమే నిలిచి ఉన్నాయి. ఊరికి పోప్ పేరు అధికారికంగా దక్కింది మాత్రం 1893లోనే, అంతకు ముందు అది షాతోనెఫ్-కాల్సెర్నియే. చరిత్ర మధ్యయుగాలదే అయినా, పేరులోని ఆకర్షణ అంత పాతది కాదన్నమాట. 1954లో ఆ ఊరి మేయరు తన పరిధిలో ఎగిరే పళ్లాలు దిగడాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు జారీ చేశాడంటే, ప్రచారం విలువ ఈ ఊరివారికి ఎంత బాగా తెలుసో ఊహించవచ్చు.

ఈ ఊరు వైన్ ప్రపంచానికి నిజంగా ఇచ్చింది నిబంధనలు. ఫిలాక్సెరా పురుగు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో తోటలను తుడిచిపెట్టాక, ఎక్కడి వైన్‌నో ఈ పేరుతో అమ్మేవారు పెరిగిపోయారు. దాన్ని అరికట్టడానికి ఫోర్తియా తోట యజమాని, న్యాయశాస్త్రం చదివిన బారన్ పియేర్ ల రువా నాయకత్వంలో ఇక్కడి రైతులు 1923లో కట్టుబాట్లు రాసుకున్నారు. ఏ నేలలో ద్రాక్ష వేయవచ్చు, ఏ రకాలు వాడవచ్చు, కనీసం ఎంత ఆల్కహాలు ఉండాలి అన్నవి అందులోని అంశాలు. తర్వాత ఫ్రాన్స్ అంతటికీ వర్తించిన ప్రాంతీయ నామ చట్టానికి, అంటే నిర్ణీత హద్దుల్లో నిబంధనల ప్రకారం చేసిన వైన్‌కే ఆ చోటి పేరు వాడే హక్కు ఇచ్చే చట్టానికి, ఇవే ఒరవడి అయ్యాయి. 1936లో ఆ చట్టం కింద గుర్తింపు పొందిన తొలి పేర్లలో షాతోనెఫ్ ఒకటి. ఇప్పటికీ ఇక్కడ ద్రాక్షను చేత్తోనే కోయాలి, ఆల్కహాలు 12.5 శాతానికి తగ్గకూడదు, హెక్టారుకు 35 హెక్టోలీటర్లకు, అంటే 3,500 లీటర్లకు, మించి దిగుబడి తీయకూడదు.

అనుమతించిన ద్రాక్ష రకాలు 13. ఒకే రకంలోని నలుపు, తెలుపు, గులాబీ ఛాయలను విడివిడిగా లెక్కించే 2009 నాటి నిబంధనల ప్రకారం 18. అయితే నిబంధన ఏ రకానికీ కనీస వాటా విధించలేదు, చిక్కు అక్కడే మొదలవుతుంది. రాయాస్ తోట తన ఎర్ర వైన్‌ను గ్రెనాష్‌తోనే చేస్తుంది. బోకాస్తెల్ పదమూడు రకాలనూ పెంచి, మూర్వెద్ర్‌కు గ్రెనాష్‌తో సమానమైన స్థానం ఇస్తుంది. ఈ రెండింటినీ గ్లాసుల్లో పోసి పక్కపక్కన పెడితే, ఒకటి అవతలి వైపు వేలు కనిపించేంత పలుచని ఎరుపుతో స్ట్రాబెర్రీ, ఎండిన గులాబీ రేకుల వాసన వేస్తుంది. మరొకటి ముదురుగా, తోలు, మాంసం, నల్ల ఆలివ్ వాసనలతో ఉంటుంది. రెండూ షాతోనెఫ్‌లే, రెండూ ఈ ఊరికి కీర్తి తెచ్చినవే. మొదటిది ఊహించుకుని రెండోది కొన్నవారు నిరాశపడితే తప్పు వైన్‌ది కాదు.

నేల విషయంలోనూ ఇంతే వైవిధ్యం ఉంది. ఈ ఊరి ఫొటోల్లో ఎప్పుడూ కనిపించేవి పిడికిలంత, కొన్ని చోట్ల తలకాయంత ఉండే నున్నటి గుండ్రాళ్లు. ఆల్ప్స్ కొండల నుంచి పూర్వం నది దొర్లించుకొచ్చిన క్వార్ట్జైట్ రాళ్లు అవి. లా క్రో అనే మెట్ట మీద వాటి మధ్య మట్టి కనిపించదు, తీగ మొదలు రాళ్ల కుప్పలోంచి మొలిచినట్టే ఉంటుంది. పగలు వేడెక్కిన ఈ రాళ్లు రాత్రంతా ఆ వేడిని తీగకు అందిస్తాయని ప్రతి కరపత్రమూ చెబుతుంది. అది నిజమే గాని, వేసవులు ఇంతగా మండుతున్న ఈ రోజుల్లో తీగకు అదనపు వేడి వరమేమీ కాదు. రాళ్ల కింద ఉన్న ఎర్ర బంకమన్ను నీటిని పట్టి ఉంచడమే అసలు మేలు చేస్తోందని నా నమ్మకం. వ్యూ తెలెగ్రాఫ్ వంటి లా క్రో వైన్ల నిండుదనం, గట్టిదనం ఆ నేల నుంచి వచ్చినవే. రాయాస్ తోటలో మాత్రం గుండ్రాళ్లు కనిపించవు, అది అడవి చెట్ల మధ్య ఉన్న చల్లని ఇసుక నేల. పడమటి వైపు సున్నపురాయి నేలలూ ఉన్నాయి. దాదాపు 3,200 హెక్టార్లలో, షాతోనెఫ్‌తో పాటు ఒరాంజ్, కూర్తెజోన్, బెదారిద్, సోర్గ్ గ్రామాల హద్దుల్లోకి కూడా విస్తరించిన ప్రాంతం ఒకే రుచి ఇవ్వాలనుకోవడం అత్యాశ.

దీనికి తోడు తయారీలో రెండు ధోరణులున్నాయి. 1980ల నుంచి అమెరికన్ విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ఈ ప్రాంతాన్ని ఎంతగానో మెచ్చుకోవడంతో, బాగా ముగ్గిన ద్రాక్షతో, కొత్త ఓక్‌తో, పాత తీగల పేరిట ప్రత్యేక సీసాలు చేయడం ఇక్కడ పెరిగింది. అటువంటివి మొదటి గుక్కలో అబ్బురపరుస్తాయి, రెండో గ్లాసు ముగించడం మాత్రం కష్టం. నాకు ఆ సీసాల కంటే అదే ఇంటివారి మామూలు సీసాలే ఎక్కువ నచ్చుతాయి, ధర కూడా సగానికి సగం తగ్గుతుంది. క్లో దె పాప్ వంటి తోట ఈ విషయంలో ఆదర్శం. ప్రత్యేక సీసాల జోలికి పోకుండా ఏటా ఒకే ఎర్ర షాతోనెఫ్ చేస్తూ వచ్చిన ఆ ఇంటి 2005 పంటను 2007లో అమెరికాలోని వైన్ స్పెక్టేటర్ పత్రిక ఆ ఏటి మేటి వైన్‌గా ప్రకటించింది.

ఇక అడుగు అంతస్తులో, సూపర్ మార్కెట్లలోనూ విమానాశ్రయ దుకాణాల్లోనూ తక్కువ ధరకు దొరికే షాతోనెఫ్‌లు ఉంటాయి. వీటిలో చాలా భాగం వ్యాపారులు అనేక తోటల నుంచి కొని కలిపి సీసాలకెక్కించినవి. అందరినీ ఒకే గాటన కట్టలేం గాని, పేరుకు తగ్గ లోతు వీటిలో అరుదు. సీసా మీద పోప్ కిరీటం, తాళంచెవులు ఉబ్బెత్తుగా ముద్రించి ఉన్నంత మాత్రాన నాణ్యతకు హామీ దొరికినట్టు కాదు. 1937 నుంచి వస్తున్న ఆ ముద్ర ఊరి గుర్తు మాత్రమే, మంచి వైన్‌కూ ఓ మోస్తరు వైన్‌కూ ఒకేలా ఉంటుంది.

జిగోండాస్: కొండ నీడలోని వైన్

షాతోనెఫ్‌కు ఈశాన్యంగా కొంత దూరం వెళితే మైదానం ఆగిపోయి, దాంతెల్ ద మోంమిరాయ్ అనే సున్నపురాయి శిఖరాలు రంపపు పళ్లలా నిలువుగా లేస్తాయి. వాటి పడమటి వాలులో ఉన్న చిన్న ఊరు జిగోండాస్. 1956 చలికాలంలో వచ్చిన భయంకరమైన మంచుకు ఇక్కడి ఆలివ్ చెట్లు చచ్చిపోగా, రైతులు వాటి స్థానంలో ద్రాక్ష వేశారు. 1971లో ఈ ఊరికి స్వతంత్ర నామ హక్కు దక్కింది. మామూలు కోత్ ద్యు రోన్‌కు ఒక మెట్టు పైన ఉండే కోత్ ద్యు రోన్ గ్రామాల హోదా నుంచి ఇంకా పై మెట్టుకు ఎక్కిన మొదటి వరుస ఊరు ఇదే.

తోటలు మైదానంలో సుమారు 100 మీటర్ల ఎత్తున మొదలై, కొండ వాలులో 500 మీటర్ల దాకా మెట్లు మెట్లుగా ఎక్కుతాయి. పై తోటల మీద శిఖరాల నీడ పొద్దున చాలాసేపు ఉంటుంది, రాత్రులు చల్లబడతాయి, కోత షాతోనెఫ్ కంటే ఆలస్యంగా జరుగుతుంది. దాని ఫలితం నోట్లో స్పష్టంగా తెలుస్తుంది. నిండుదనం ఉంటూనే పులుపు చురుగ్గా ఉంటుంది, నల్లని పండ్ల రుచి వెనుక సున్నపు పొడి లాంటి పొడిదనం, గట్టి వగరు ఉంటాయి. లేత వయసులో జిగోండాస్ కాస్త మొరటుగానే ఉంటుంది. షాతోనెఫ్‌లోని వెన్నలాంటి మెత్తదనం దీనికి రాదు, అది కోరుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు.

మరి ఇది మంచి బేరం ఎందుకు? నిబంధనల్లో చూస్తే, జిగోండాస్‌లో హెక్టారుకు అనుమతించిన దిగుబడి 36 హెక్టోలీటర్లు, షాతోనెఫ్ కంటే ఒక్కటే ఎక్కువ. గ్రెనాష్ కనీసం సగం ఉండాలి. అంటే తక్కువ పంట తీయడానికి రైతు పడే త్యాగం రెండు చోట్లా దాదాపు సమానమే, కొండ వాలులో శ్రమ ఇక్కడే ఎక్కువ. ధరలోని తేడాకు ప్రధాన కారణం పేరు, ఆ పేరు వల్ల పెరిగిన భూమి విలువ. పైగా సుమారు 1,200 హెక్టార్లే ఉన్న చిన్న ప్రాంతం కాబట్టి, ఒక సీసాకూ మరో సీసాకూ మధ్య నేల మారినా కుటుంబ పోలిక చెడదు. పేరు చూసి కొన్నా పెద్దగా మోసపోయే అవకాశం తక్కువ. రోమన్ల కాలపు రాతి తొట్టెలు ఇప్పటికీ భద్రంగా ఉన్న సాన్ కోమ్ తోట, సాంతా ద్యుక్ తోట వైన్లు ఈ ఊరి శైలిని తెలుసుకోవడానికి తగినవి.

మిగిలిన ఊళ్లు

జిగోండాస్‌ను ఆనుకుని దక్షిణాన ఉన్న వాకెరాస్‌కు 1990లో హక్కు వచ్చింది. తోటలు ఎక్కువగా మెట్ట భూమిలో, కొండకు దిగువన ఉంటాయి. వైన్ త్వరగా తాగడానికి సిద్ధమవుతుంది, ఎండిన మూలికల వాసన బాగా పలుకుతుంది, వగరు మొరటుగా ఉన్నా లోతు కొంత తక్కువ. జిగోండాస్‌తో దీని ధర దగ్గరగా ఉంటే మాత్రం నేను జిగోండాస్ వైపే మొగ్గుతాను.

నదికి అవతలి గట్టున, గార్ జిల్లాలో ఉన్న లిరాక్‌ను మన కొనుగోలుదారులు దాదాపుగా పట్టించుకోరు. 1947లోనే హక్కు పొందిన ఈ ప్రాంతంలో షాతోనెఫ్‌లోని గుండ్రాళ్ల మెట్టలను పోలిన నేలలున్నాయి, షాతోనెఫ్ తయారీదారులు కొందరికి ఇక్కడా తోటలున్నాయి. మెత్తదనం కోరుకుంటూ తక్కువ ధరలో వెతికేవారు ముందు చూడవలసిన పేరు ఇదే. రాస్తో పొడి ఎర్ర వైన్‌కు 2010లో హక్కు వచ్చింది. బంకమన్ను వాలుల నుంచి వచ్చే దట్టమైన, వేడి పుట్టించే వైన్ అది. అదే ఊరి తియ్యని బలవర్ధిత (విడిగా ఆల్కహాలు కలిపిన) వైన్‌కు 1944 నుంచే హక్కు ఉంది కాబట్టి, కొనేటప్పుడు లేబుల్ సరిగా చూసుకోకపోతే ఒకటి అనుకుని మరొకటి ఇంటికి తెచ్చుకునే ప్రమాదం ఉంది. 2016లో చేరిన కెరాన్ వైన్లు రాస్తో కంటే సున్నితం.

వీటన్నింటి అడుగున 1937 నుంచి హక్కు ఉన్న కోత్ ద్యు రోన్ విశాలంగా పరుచుకుని ఉంది. రోక్‌మోర్ రేవు నుంచి వెళ్లే పీపాల మీద 1737లోనే ఈ పేరు పొడి అక్షరాలను కాల్చి ముద్ర వేయాలని రాజాజ్ఞ ఉండేది. ఇప్పుడు ఇందులో నీళ్లలాంటి వైన్ నుంచి ఆణిముత్యాల దాకా అన్నీ ఉన్నాయి. ఇక్కడ ఒక కిటుకు పనిచేస్తుంది. గొప్ప షాతోనెఫ్ ఇంటివారు, హద్దు అవతల ఉన్న తమ తోటల నుంచి కోత్ ద్యు రోన్ కూడా చేస్తారు. బోకాస్తెల్‌కు తూర్పున, రహదారి దాటగానే ఉన్న తోట నుంచి వచ్చే కూదులే ద బోకాస్తెల్ ఇటువంటిదే. అదే చేతులు, అదే శ్రద్ధ, దాదాపు అటువంటి నేల అయినా, పేరు లేకపోవడం వల్ల ధర తగ్గింది. చవక షాతోనెఫ్‌కూ ఇటువంటి కోత్ ద్యు రోన్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే నేను ఏమాత్రం తడుముకోను, రెండోదే కొంటాను.

ఎవరికి ఏది

ఈ వారంలోనే తెరిచి తాగాలనుకుంటే షాతోనెఫ్ మీద డబ్బు పెట్టడం దండగ. పేరున్న షాతోనెఫ్ విడుదలైన మొదటి రెండు మూడేళ్లు పండ్ల రుచితో ఆకట్టుకుని, ఆ తర్వాత కొన్నేళ్లు ముడుచుకుపోయి మూగగా ఉంటుంది. ఎనిమిది పదేళ్లకు మళ్లీ విచ్చుకుని ఎండిన అంజూరం, తోలు, అడవి నేల వాసనలు బయటపెడుతుంది. మధ్యలో తెరిచినవారికి చెల్లించిన విలువలో సగం కూడా అందదు. అప్పటికప్పుడు తాగడానికి వాకెరాస్, కెరాన్, మంచి ఇంటి కోత్ ద్యు రోన్ చాలు.

దాచుకోవాలనుకుంటే మొదట ఆలోచించవలసింది ఎక్కడ దాస్తామన్నది. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదు, విజయవాడల్లో అల్మరాలో పెట్టిన సీసా ఒక్క ఎండాకాలంలోనే ఉడికిన జామ్ వాసనకు దిగుతుంది. ముందే పులుపు తక్కువ, ఆల్కహాలు ఎక్కువ అయిన గ్రెనాష్ వైన్ ఆ వేడికి తట్టుకోలేదు. 12 నుంచి 14 డిగ్రీల మధ్య నిలకడగా ఉంచే వైన్ ఫ్రిజ్ లేనివారు పదేళ్ల ఆశతో ఖరీదైన షాతోనెఫ్ కొనకపోవడమే మంచిది. అమెరికాలోనో ఐరోపాలోనో చల్లని సెల్లార్ ఉన్న ఇళ్లలో ఉండేవారికి ఈ ఇబ్బంది లేదు, వారికి మంచి పంట సంవత్సరపు షాతోనెఫ్‌తో పాటు జిగోండాస్ కూడా పదేళ్లు దాచడానికి తగినదే.

కానుకగా ఇవ్వడానికి మాత్రం షాతోనెఫ్‌ను కాదనలేం. వైన్ గురించి కొద్దిపాటి పరిచయం ఉన్నవారు కూడా ఆ పేరును గుర్తుపడతారు, బరువైన ఆ సీసా చేతిలో హుందాగా ఉంటుంది. పుచ్చుకునేవారికి విషయం బాగా తెలిసి ఉంటే ఎంపిక చేసిన జిగోండాస్ ఇస్తేనే ఇచ్చినవారి మీద గౌరవం పెరుగుతుంది.

భోజనంతో పాటు అయితే లెక్క వేరు. కారం, పులుపు కలిసిన గోంగూర మాంసంతో ఈ వైన్లలో ఏదీ నప్పదు. ఆల్కహాలు, వగరు రెండూ కారపు మంటను ఎగదోస్తాయి, గోంగూర పులుపు ముందు తక్కువ పులుపున్న గ్రెనాష్ చప్పబడిపోతుంది. నల్ల మిరియాలు, ధనియాలు వేసి సన్న సెగ మీద ఎముకతో పాటు ఉడికించిన వేటమాంసం మాత్రం జిగోండాస్‌కు చక్కటి జత. మాంసంలోని కొవ్వు వగరును మెత్తబరుస్తుంది, సిరాలోని మిరియాల ఘాటు కూరలోని మిరియాలతో కలిసిపోతుంది. కారం తగ్గించి వండిన బిర్యానీకి సాన్సో వాటా ఎక్కువున్న తేలికపాటి కోత్ ద్యు రోన్‌ను కాస్త చల్లగా ఇస్తే బాగుంటుంది. పాత షాతోనెఫ్ తెరిచినప్పుడు మసాలాలు పక్కన పెట్టి, వేయించిన పుట్టగొడుగులో, ఉప్పు, మిరియాలతో కాల్చిన గొర్రె మాంసమో చాలు, వైన్ మాట్లాడే అవకాశం ఉండాలి.

సంవత్సరం, లేబుల్

పంట సంవత్సరం ఇక్కడ పశ్చిమ ఫ్రాన్స్‌లోని వైన్ ప్రాంతం బోర్డోలో ఉన్నంతగా భాగ్యాన్ని తలకిందులు చేయదు, కాని పట్టించుకోవలసిందే. 2010, 2016 రెండూ వేడి, తాజాదనం సమపాళ్లలో కుదిరిన గొప్ప సంవత్సరాలు, దాచడానికి కొనేవారు మొదట వెతకవలసినవి ఇవే. 2019 ఎండ ఎక్కువైనా వైన్లు బలంగా, పొందికగా వచ్చాయి. 2020 అంతకంటే మృదువు. 2021లో ఏప్రిల్ మంచు దెబ్బ తీసింది, వేసవి కూడా చల్లగానే గడవడంతో వైన్లు తేలికగా ఉన్నాయి. చాలామంది దాన్ని తక్కువ చేసి చూస్తారు గాని, ఈ వైన్లలోని ఆల్కహాలు భారం అనిపించేవారికి 2021 మంచి అవకాశం. 2002లో సెప్టెంబరు వరదలు పంటను ముంచేశాయి, వేలాల్లో ఆ ఏటి సీసా ఎంత చవకగా కనిపించినా వదిలేయవచ్చు.

లేబుల్ మీద ముందుగా చూడవలసింది సీసాలో నింపింది ఎవరన్నది. తోటలోనే నింపినట్టు ఫ్రెంచిలో ‘మీజ్ ఆం బుతెయ్ ఓ దొమైన్’ అనో, ‘ఓ షాతో’ అనో రాసి ఉంటే ఆ రైతు పేరు మీద వెతికి, ఏ నేల, ఏ మిశ్రమం అన్నది తెలుసుకోవచ్చు. ‘వియెయ్ వీన్య్’, అంటే పాత తీగలు, అన్న మాటకు చట్టంలో నిర్వచనం లేదు, నలభై ఏళ్ల తీగనూ వందేళ్ల తీగనూ అదే మాటతో అమ్మవచ్చు. ‘గ్రాన్ వాన్’, అంటే గొప్ప వైన్, అన్నది ఇక్కడ అలంకారమే. వెనక లేబుల్ మీది ఆల్కహాలు శాతం అన్నిటికంటే నిజాయితీ గల సమాచారం. 14 దగ్గర ఉంటే ఒక రకం వైన్, 15.5 ఉంటే పూర్తిగా మరో రకం.

తెరిచాక

ఈ వైన్లను 16 నుంచి 18 డిగ్రీల వద్ద తాగాలి. గది వేడి అన్న ఫ్రెంచి మాట వారి రాతి ఇళ్లకు వర్తించేది, మన గదులకు కాదు. తెరవడానికి ముందు అరగంటో ముప్పావు గంటో ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. వేడిగా పోస్తే ఆల్కహాలు ముక్కుకు ఎక్కి పండ్ల వాసన కనబడకుండా పోతుంది. లేత జిగోండాస్‌ను గంట ముందు జాడీలోకి వంచితే వగరు కొంత లొంగుతుంది. పదేళ్లు దాటిన షాతోనెఫ్‌కు అంత గాలి పనికిరాదు, అడుగున చేరిన మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచి వెంటనే తాగడం మేలు. పశువుల కొట్టాన్ని తలపించే వాసన పలుచగా ఉంటే కంగారు పడనక్కరలేదు, అది బ్రెట్ అనే ఈస్ట్ వల్ల వచ్చేది, సంప్రదాయ తయారీలో అప్పుడప్పుడు కనిపిస్తుంది. పండు రుచిని కప్పేసేంత ఉంటే మాత్రం అది లోపమే, కొన్నచోట తిరిగి ఇచ్చేయాలి.

సగం మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. గ్రెనాష్ ఎక్కువున్న వైన్ మర్నాటికే వాలిపోవడం మొదలుపెడుతుంది కాబట్టి ఆలోపే ముగించాలి. మూర్వెద్ర్, సిరా వాటా ఎక్కువున్నవి రెండో రోజున కూడా నిలుస్తాయి, లేతవైతే కొన్నిసార్లు మొదటి రోజు కంటే బాగుంటాయి కూడా.